వానాకాలానికి పడవ తీగలూ తాళ్లూ దాచిపెట్టడం: మాస్ట్ (తెరచాప స్తంభం) కూలిపోయాక నేను నేర్చుకున్నది

మాది బరంపురం. నేవీలో పదిహేనేళ్లు చేసి బయటికొచ్చాక 2016లో ఒక పాత ఎంటర్‌ప్రైజ్ పడవ కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది ఇద్దరు ఎక్కే చిన్న తెరచాప పడవ, పొడవు 4 మీటర్ల పైన కొంచెం, నీలం రంగు చాపలు, 1956లో ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్ అనే ఆయన గీసిన డిజైన్. నేను సెయిలింగ్ నేర్చుకున్నదే దీని మీద, అందుకే ఒక క్లబ్బువాళ్లు పాతవి అమ్మేస్తున్నారని తెలియగానే వెళ్లి పట్టుకొచ్చాను.

పడవ ఉండేది రంభలో, చిలికా ఉప్పునీటి సరస్సుకి దక్షిణపు కొసన. మా అప్ప (అక్క) వాళ్లకి అక్కడ మామిడి తోట ఉంది, తోటలో ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం మీంచి గాలి బాగా వస్తుంది, పడవకి అదే మంచి కాలం. జూన్‌లో వానలు పడ్డాక ఒడ్డెక్కిస్తే మళ్లీ కార్తీక పున్నమికే నీళ్లలోకి. మధ్యలో ఐదు నెలలు అది ఊరికే పడి ఉండాలి, ఆ ఐదు నెలల్లోనే అది పాడవుతుంది. పడవ ఒళ్లు సంగతి ఇక్కడ చెప్పను, దాన్ని బోర్లించి పట్టా కప్పితే సగం పని అయిపోయినట్టే. నేను చెప్పేది మాస్ట్‌ని నిలబెట్టే తీగల గురించి, చాపని ఎత్తే తాళ్ల గురించి.

మాస్ట్ అంటే అల్యూమినియం గొట్టం, ఇరవై అడుగులకు పైమాటే. దాన్ని నిలబెట్టేవి మూడు స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు, ముందు ఒకటి, దాన్ని ఫోర్‌స్టే అంటారు, చెరో పక్కన ఒకటి, వాటిని ష్రౌడ్లు అంటారు. ఒక్కో తీగ 3 మిల్లీమీటర్ల మందం, లోపల పందొమ్మిది సన్న తీగలు పురి తిప్పి ఉంటాయి. చివర్లలో ఆ తీగను ఒక స్టీలు గొట్టంలోకి దూర్చి మెషిన్‌తో నొక్కేస్తారు, దాన్ని స్వేజ్ అంటారు. ఈ స్వేజ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని చుట్టూనే.

మొదటి ఏడాది, 2017 జూన్‌లో, నేను ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ పడవల్ని చలికాలానికి ఎలా దాచుకుంటారో చదివి అచ్చం అలాగే చేశాను. అక్కడ అక్టోబరులో ఒడ్డెక్కిస్తారు, ఏప్రిల్ దాకా మంచులో ఉంటాయి. వాళ్ల భయం నీళ్లు గడ్డ కట్టడం. నీళ్లు మంచుగా మారితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, స్వేజ్ లోపల కాస్త తడి మిగిలినా అది గడ్డకట్టి ఆ గొట్టాన్నే చీల్చేస్తుంది. అందుకే ఆరబెట్టి, కప్పి, నీళ్లు చేరకుండా చూసుకోమంటారు. నాకు ఎక్కిందల్లా ఆ కప్పడమే. స్వేజ్‌ల మీద గ్రీజు పూసి, దాని మీద ఎలక్ట్రికల్ టేపు గట్టిగా చుట్టి, మూడు తీగల్నీ మాస్ట్‌కే కట్టేసి, మొత్తాన్నీ పాలిథిన్ షీటులో చుట్టి రెండు మూతులూ తాడుతో బిగించేశాను. గాలి ఆడేలా సందులు వదలాలని వాళ్లు రాసినదీ చదివాను, కానీ ఇక్కడ మంచు కురవదు కదా సందులెందుకు అనుకున్నా. ఎంత బాగా కట్టాను అని మా బావగారికి చూపించి మరీ వచ్చాను.

నవంబరులో విప్పితే లోపల పాలిథిన్ అంతా చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా ఉంది. తీగలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. టేపు బాగానే అంటుకుని ఉందిగా అని దాన్ని తియ్యలేదు, అలాగే మాస్ట్ ఎత్తేశాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా అమ్మాయిని ఎక్కించుకుని బర్కుడా ద్వీపం వైపు పోతున్నాం. దానికప్పుడు పన్నెండేళ్లు, ముందు చాప తాడు దాని చేతిలో ఉంది. గాలి మరీ పెద్దదేం కాదు. టప్ మని పెద్ద చప్పుడైంది. గాలి వచ్చే వైపు ష్రౌడ్ కింది కొసన పుటుక్కున తెగింది, మాస్ట్ అవతలి పక్కకి ఒరిగి చాపతో సహా నీళ్లలో పడిపోయింది. పిల్ల ఇవతలి పక్కన కూర్చుని ఉంది కాబట్టి దాని మీద పడలేదు. అది ఏడవలేదు, నా వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

అటుగా పోతున్న చేపల పడవవాళ్లు తాడు విసిరి ఒడ్డుకి లాక్కొచ్చారు. వాళ్లలో ఒక తాత ఉన్నాడు, మన తెలుగువాళ్లే, ఒడియావాళ్లు నోళియాలు అంటారు కదా, ఆ వాడబలిజల్లో పెద్దాయన. ఒడ్డుకొచ్చాక తెగిన కొస చేతిలోకి తీసుకుని నల్ల టేపు గోటితో ఊడదీశాడు. టేపు కింద ఎర్రగా తుప్పు, గొట్టం మూతి దగ్గర పందొమ్మిదిలో పన్నెండు తీగలు ఎప్పుడో తెగిపోయి ఉన్నాయి, ఆ కొసలన్నీ నల్లబడి ఉన్నాయి. మిగతా ఏడే ఆ రోజు దాకా మాస్ట్‌ని మోశాయి.

"ఏటి బాబూ, పుండుకి గాలి ఆడకుండా గుడ్డ కట్టేసినట్టు కట్టేసేవు. లోపల కుళ్లిపోదా మరి?" అన్నాడు.

ఆయన మాటలో ఉన్నదే అసలు శాస్త్రం. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం దాంట్లోని క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడని పలచటి పొర కడుతుంది, గీరుకుపోతే మళ్లీ తనే కట్టుకుంటుంది. గాలి అందకపోతే ఆ పొర కట్టుకోలేదు. ఉప్పునీళ్లు గాలాడని సందులో నిలిచిపోతే అందులోని క్లోరైడ్ ఉన్న కాస్త పొరనీ తినేసి లోపలికి పోతుంది. వేడి తోడైతే ఇంకా వేగం. నేనేం చేశానో చూడండి: చిలికా ఉప్పు కడగకుండా, గ్రీజు పూసి, టేపు చుట్టి, జూన్ నుంచి అక్టోబరు దాకా మన ఉక్కపోతలో పాలిథిన్ లోపల ఉడకబెట్టాను. పైగా ష్రౌడ్ మీద పడ్డ నీళ్లన్నీ తీగ పట్టుకుని కిందికి జారతాయి, కింది స్వేజ్ మూతి పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి గిన్నెలా పట్టుకుంటుంది. పై కొసలు బాగుండి కింది కొసలే తినేయడం అందుకే. ఇప్పుడు ఏ పడవ దగ్గరికెళ్లినా నా చెయ్యి ముందు అక్కడికే పోతుంది.

రెండో ఏడాది, 2018. మూడు తీగలూ కొత్తవి తెప్పించాను, ఒకటి తెగితే మిగతా రెండింటి వయసూ అంతే కదా. 316 గ్రేడ్ అడిగి తీసుకున్నా, 304 కన్నా దానికి ఉప్పు మీద కొంచెం ఓర్పు ఎక్కువ, రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు. మేలోనే లీవు పెట్టుకున్నాను. ఈసారి అన్నీ విడివిడిగా తీశాను, ఏదీ మాస్ట్‌కి కట్టి ఉంచలేదు.

ముందు కడగడం. తోటలో బోరు ఉంది, పైపు పెట్టి అన్నీ కడిగేశాను. ఎండాక చూస్తే తీగల మీద తెల్లటి పొడి. నాలిక మీద వేసుకుంటే ఉప్పే! చిలికా పక్కన బోరు నీళ్లు అవి, ఉప్పుని ఉప్పుతో కడిగినట్టయింది. ఏం చెయ్యాలో తోచక రెండు వారాలు ఆగాను. జూన్ మధ్యలో వానలు పట్టాయి. మొదటి రెండు వానలు రేకుల మీది దుమ్ము కడుక్కుపోయేదాకా వదిలేసి, మూడో వానకి షెడ్డు చూరు కింద రెండు పెద్ద డ్రమ్ములు పెట్టాం. ఆ నీళ్లలో తీగల్ని చుట్టలు చుట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త వాన నీళ్లలో ఇంకో రాత్రి. ఊరికే పైన నీళ్లు చల్లితే స్వేజ్ లోపలి ఉప్పు రాదు, నానాలి. వానాకాలం పడవకి శత్రువని అనుకునేవాణ్ని గానీ ఉప్పు వదిలించడానికి అంత మంచి నీళ్లు నాకు రంభలో ఇంకెక్కడా దొరకలేదు.

ఫిట్టింగుల మీద అక్కడక్కడా టీ మరకలాంటి తుప్పు మరకలు ఉన్నాయి. బడా బజారులో హార్డ్‌వేర్ షాపాయన బాత్రూం యాసిడ్ రాయమన్నాడు, ఇనుప బ్రష్ కూడా ఇవ్వబోయాడు. రెండూ వద్దు. ఆ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్, అంటే మళ్లీ క్లోరైడే. ఇనుప బ్రష్‌తో తోమితే ఇనుప నలుసులు స్టీల్లో ఇరుక్కుని అవి తుప్పు పడతాయి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి గుడ్డతో రుద్దాను, మరకలు పోయాయి, తర్వాత వాన నీళ్లతో నాలుగుసార్లు కడిగాను.

తర్వాత తీగల పరీక్ష. ఇది మా ఆవిడ పాత నూలు చీర ముక్కతో చేశాను. గుడ్డని తీగ చుట్టూ వదులుగా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా లాగాలి. ఎక్కడైనా సన్న తీగ ఒక్కటి తెగి పైకి లేచి ఉంటే గుడ్డ పోగు అక్కడ పట్టుకుంటుంది. వట్టి చేత్తో మాత్రం చెయ్యకండి, ఆ కొసలు సూదుల్లా దిగుతాయి. ఒక్క పోగు పట్టినా ఆ తీగ మార్చెయ్యాల్సిందే, పద్దెనిమిది ఉన్నాయి కదా అనుకోకూడదు, మొదటిది తెగిన కారణమే రెండోదాన్నీ తెంపుతుంది. స్వేజ్‌ల మీద పగుళ్లకి మా నాన్నగారి భూతద్దం పెట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. ఆరాక చుట్టలు బండి చక్రమంత పెద్దవిగా చుట్టాను, చిన్నగా మడిస్తే వంకరపోతుంది, ఇలాంటి పందొమ్మిది పోగుల తీగ ఒక్కసారి వంకరపోతే మళ్లీ సాపు కాదు. ఇనుప మేకులకి కాకుండా కొయ్య గూటాలకి తగిలించాను. టేపు లేదు, గ్రీజు లేదు, పాలిథిన్ లేదు. గాలికి వేలాడుతున్నాయి, అంతే.

మాస్ట్ దగ్గర వేరే గొడవ. అల్యూమినియం మీద స్టీలు స్క్రూ బిగించి మధ్యలోకి ఉప్పునీళ్లు చేరితే బ్యాటరీ లాంటిది తయారవుతుంది, దాంట్లో కరిగిపోయేది అల్యూమినియమే. బూమ్ (చాప కింది అంచుని పట్టే అడ్డ గొట్టం) తగిలించే చోట స్క్రూల చుట్టూ తెల్లటి పొడి పొంగి ఉంది. రెండు స్క్రూలు కదల్లేదు, కిరసనాయిలు పోసి మూడు రోజులు ఉంచి, వేడినీళ్లు పోస్తూ తిప్పితే వచ్చాయి, ఒకటి విరిగింది. తిరిగి బిగించేటప్పుడు కింద పలచటి ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి వేశాను, స్క్రూ మరల మీద గ్రీజు రాశాను. గ్రీజు ఇక్కడ పనికొస్తుంది, కానీ గ్రాఫైట్ కలిసిన నల్ల గ్రీజు వద్దు, అల్యూమినియంకి గ్రాఫైట్ స్టీలు కన్నా చెడ్డ తోడు.

ఇక తాళ్లు. చాపని ఎత్తే హాలియార్డ్ తాళ్లు మాస్ట్ లోపల్నుంచి పోతాయి. వాటిని ఐదు నెలలు అందులో ఉంచితే ఉప్పు, బూజు, ఎలకలు. బయటికి తీస్తే మళ్లీ దూర్చడం ఎలా? దానికి ఉపాయం, తాడు కొసకి ఒక సన్న దారం కట్టి తాడుని లాగేస్తే తాడు బయటికొస్తుంది, దాని చోట దారం మాస్ట్‌లో ఉండిపోతుంది. ఎండాకాలానికి దారం సాయంతో తాడు మళ్లీ లోపలికి. నేను నైలాన్ దారం ముడేసి టేపు చుట్టి లాగాను. పైనున్న గిలక దగ్గర ముడి ఇరుక్కుంది, కొంచెం గట్టిగా లాగేసరికి ఊడిపోయి దారం లోపల పడిపోయింది. గంటన్నర పట్టింది దాన్ని సరిచెయ్యడానికి: మాస్ట్‌ని మామిడి కొమ్మకి ఆనించి ఏటవాలుగా పెట్టి, చిన్న నట్టు కట్టిన దారాన్ని పైనుంచి వదులుతూ, మా అమ్మాయి గొట్టాన్ని తడుతూ, నేను కింద కన్నంలోంచి కొక్కెం పెట్టి వెతుకుతూ.

ఇది చెప్తే తాత నవ్వలేదు, మర్నాడు పొద్దున్నే వల అల్లే సూది, దారం కండె పట్టుకుని తోటకి వచ్చాడు. ముడి అన్నదే లేకుండా చేశాడు. తాడు కొసని కొంచెం కొంచెంగా సన్నబడేలా పోగులు కోసి, దారాన్ని ఆ కొస లోపల్నుంచి అటూ ఇటూ కుట్టి, పైన వల దారం దగ్గర దగ్గరగా చుట్టేశాడు. చేత్తో తడిమితే తాడు ఎక్కడ ఆగిందో దారం ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ చేతులు చూస్తూ కూర్చున్నాం నేనూ మా అమ్మాయీ. వాళ్ల చిన్నప్పుడు నూలు చాపలు ఉండేవట, తుమ్మ చెక్క కషాయంలో నానబెట్టి ఎర్రగా చేసేవాళ్లట కుళ్లకుండా. "ఇప్పుడు ఈ ప్లాస్టీకు తాడు నీళ్లకి కుళ్లదు బాబూ, దీనికి ఎండే యముడు" అన్నాడు. నిజమే, పాలియెస్టర్‌కీ నైలాన్‌కీ సూర్యరశ్మే చేటు, పైపోగులు గరుగ్గా అయ్యి పొడి రాలుతుందంటే పని అయిపోయినట్టే. అందుకని తాళ్లూ చాపలూ కూడా సబ్బు తక్కువేసి వాన నీళ్లలో ఉతికి నీడలోనే ఆరేశాం, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వలేదు. చాపల్ని మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టాను.

ఎలకల సంగతి మా అప్ప చూసుకుంది. షెడ్డు దూలానికి పాత ఉట్టి ఒకటి ఉంది, మా బామ్మ పెరుగు కుండ పెట్టుకునేది. అలాంటివే ఇంకో రెండు అల్లించి, తాళ్లు, చాపలు గుడ్డ సంచుల్లో పెట్టి వాటిలో వేలాడదీసింది. ఐదు నెలల్లో ఒక్క పోగు కొరకలేదు.

మాస్ట్‌ని మూడు చోట్ల కొయ్య ముక్కల మీద ఆనించాను, రెండు కొసల మీదే పెడితే మధ్యలో కుంగుతుంది. ఆనే చోట్ల పాత సైకిలు ట్యూబు. చాప దూరే గాడి కిందికి ఉండేలా తిప్పి పెట్టాను, నీళ్లు నిలవకుండా. రెండు మూతులకీ ఈసారి పాలిథిన్ కాకుండా పాత దోమతెర ముక్కలు కట్టాను. గాలి ఆడుతుంది, కందిరీగలు లోపల మట్టిగూళ్లు కట్టవు. అంతకుముందు ఏడాది నీళ్లు కారే కన్నం ఆ మట్టితోనే మూసుకుపోయి ఉంది.

షెడ్డు రేకుల మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి బరంపురంలో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాణ్ని. అందుకే అక్టోబరులో తిత్లీ తుఫాను హెచ్చరిక రాగానే సెలవు పెట్టి పరుగెత్తాను. మాస్ట్‌ని దిమ్మల మీంచి దించి నేల మీద, రెండు మామిడి మొదళ్లకి ఆనించి తాళ్లతో కట్టాం. తీగల చుట్టలు, ఉట్లు ఇంట్లోకి మార్చాం. మా బావగారు వానలో తడుస్తూనే "ముందు మనుషుల సంగతి చూడరా" అని కేకలేశారు, నిజమే, కానీ ఆ పనికి అరగంట కంటే పట్టలేదు. 11వ తారీఖు తెల్లవారకముందే అది పలాస దగ్గర తీరం దాటింది. మా షెడ్డు రేకులు నాలుగు పోయాయి, ఒకటి మాస్ట్ మొన్నటిదాకా ఉన్న దిమ్మల మీదే పడి ఉంది. తోటలో చెట్లు చాలా పడిపోయాయి, అప్ప చాలా ఏడ్చింది. పలాస వైపు జీడితోటలు, కొబ్బరితోటలు పోగొట్టుకున్నవాళ్లని చూశాక మాది లెక్కలోది కాదు, పడవ సంగతి నెల రోజులు ఎవరం ఎత్తలేదు.

కార్తీక పున్నమి నవంబరు 23న వచ్చింది. ఆ తెల్లవారుజామున ఒడియావాళ్లు బొయిత బందాణ చేస్తారు, పాతకాలంలో సాధవులు అనే ఒడియా వర్తకులు జావా, బాలి దీవులకి ఓడలెక్కి బయల్దేరిన రోజులకి గుర్తుగా చిన్న చిన్న పడవలు నీళ్లలో వదులుతారు. మా అప్పా, మా ఆవిడా కూడా అరటి దొప్పల్లో దీపాలు పెట్టి చిలికాలో వదిలారు. ఈశాన్యం గాలి మొదలయ్యే కాలం అది, వాళ్ల ఓడలు ఆ గాలి పట్టుకునే పోయేవి.

దీపాలయ్యాక మేం మాస్ట్ దగ్గరికొచ్చాం. తీగలకి మళ్లీ చీర గుడ్డ పరీక్ష, ఎక్కడా పట్టలేదు. స్వేజ్‌లు తెల్లగా, పొడిగా, మూతుల దగ్గర ఒక్క మరక లేకుండా ఉన్నాయి. తీగల కొసలు ఊడకుండా పెట్టే పిన్నులన్నీ కొత్తవి వేశాను, పాత కాటర్ పిన్ను విప్పి మళ్లీ వంచితే విరుగుతుంది. ఆఖరున హాలియార్డ్. తాత కుట్టిన కొసకి దారం అలాగే ఉంది. నేను కింద నిలబడి తాడు వదులుతూ ఉన్నా, మా అమ్మాయి పై కొసన కూర్చుని దారం లాగుతోంది. గిలక దగ్గరికి వచ్చిందని చేతికి తెలిసింది, ఊపిరి బిగపట్టాను.

"నాన్నా, వచ్చేసింది" అంది. తాడు కొస దాని చేతిలో ఉంది.